మంచం దాకా వచ్చిన ప్రభుత్వానికి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో వైద్య ఆరోగ్యం, దివ్యాంగుల సంక్షేమం, సామాజిక భద్రతా పింఛన్ల బాధ్యత చూస్తున్న మంత్రులకు, అధికారులకు,

నమస్కారం.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. కొన్నేళ్లు ఇంగ్లండులో ఒక స్థానిక కౌన్సిల్ సామాజిక సంరక్షణ విభాగంలో పనిచేసి తిరిగి వచ్చాను. ఇప్పుడు కృష్ణా డెల్టా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి అదే పని చేస్తున్నాను. ఒక ఒకటో తారీఖు ఉదయం ఒక ఇంట్లో విన్న మాట నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది.

ఆ ఇంటి పెద్దాయనకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. కుడి వైపు పడిపోయింది. ఆ రోజు మొదటిసారి ఆయన మంచం అంచున కూర్చుని, ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, నా భుజం ఆసరాతో లేచి నిలబడ్డారు. ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి. అంతలో బయట బండి ఆగిన చప్పుడైంది. సచివాలయం ఉద్యోగి పింఛను తెచ్చారు. ఆయన భార్య గబగబా వచ్చి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "పడుకోబెట్టేయండి అమ్మా, నిలబడ్డాడని తెలిస్తే పింఛను పోతుంది" అన్నారు.

పడుకోబెట్టాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు.

ఊరి పేరు, మనిషి పేరు చెప్పను. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. ఆమె భయం మాత్రం ఆమె ఒక్కరిదే కాదు. వేర్వేరు మాటల్లో ఇంకా చాలా ఇళ్లలో విన్నాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీనికి సరైన పేరే స్థిరపడలేదు. పుస్తకాల్లో 'వృత్తి చికిత్స' అని రాస్తారు. అది చదివినవాళ్లు నేను ఉద్యోగాలు ఇప్పిస్తానేమో అనుకుంటారు. పల్లెల్లో నన్ను 'ఫిజియో మేడం' అంటారు, కొందరు 'చేతులు కాళ్లు ఆడించే అమ్మ' అంటారు. ఫిజియోథెరపిస్టుల పని అంటే నాకు ఎంతో గౌరవం. కాలికి బలం, కదలిక తెచ్చేది వాళ్లు. ఆ కాలితో మరుగుదొడ్డి దాకా వెళ్లి, కూర్చుని, కడుక్కుని, లేచి, బట్ట సర్దుకుని తిరిగి రావడం ఎలాగో చూసేది మేము. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా మనిషి చేసుకునే పనులన్నీ మాకు 'ఆక్యుపేషన్' కిందికే వస్తాయి. స్నానం, బట్టలు, భోజనం, పొయ్యి దగ్గర పని, ముగ్గు వేయడం, పేపరు చదవడం, మనవరాలికి జడ వేయడం, ఇవన్నీ. జబ్బో గాయమో వృద్ధాప్యమో వాటిలో ఏది లాక్కుపోయిందో తెలుసుకుని, మనిషికి మరో పద్ధతి నేర్పో, ఇంటిని కొంచెం మార్చో, ఒక పనిముట్టు చేయించో, దాన్ని తిరిగి ఆ మనిషి చేతికి ఇవ్వడమే మా వృత్తి. దీనికి నాలుగేళ్లకు పైబడిన చదువు ఉంది. ఇది కొత్తగా వచ్చిన చదువు కూడా కాదు. అమెరికాలో పుట్టి, మన దేశపు కోడలై ఇక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లోనే బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో దీనికి పాఠశాల తెరిచారు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. డెబ్బై ఏళ్లు దాటాయి. నేను తిరిగే ఊళ్లలో ఒక్క ఇంట్లో కూడా నాకంటే ముందు మరో ఆక్యుపేషనల్ థెరపిస్టు గడప తొక్కిన దాఖలా నాకు కనబడలేదు.

గడప అన్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ పెద్దాయన ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన నడి గదిలో నవారు మంచం మీద ఉన్నారు. నవారు బాగా వదులై మధ్యలోకి గుంట పడింది. బలమైన మనిషి కూడా ఆ గుంటలోంచి లేవాలంటే చేతులు ఊనాలి. ఒక చెయ్యే పనిచేసే మనిషి ఎలా లేస్తాడు? పైగా మంచం ఎత్తు తక్కువ, కూర్చుంటే మోకాళ్లు నడుముకంటే పైకి వస్తాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు వాళ్లు మందుల చీటీ, వ్యాయామాల కాగితం ఇచ్చారు. ఇంట్లో మంచం ఎంత ఎత్తు, మరుగుదొడ్డి ఎక్కడ, ఎన్ని మెట్లు అని ఎవరూ అడగలేదట. పద్నాలుగు నెలలుగా ఆయన లేవలేకపోవడానికి కాలిలో బలం లేకపోవడం ఎంత కారణమో, ఆ మంచం కూడా అంతే కారణం. నవారు బిగించి, పైన చెక్క పలక వేయించి, మంచం కోళ్ల కింద గుంటలు తవ్విన చెక్క దిమ్మలు పెట్టించాను. మూడో రోజుకే ఆయన పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వేసి, ఎవరి సాయమూ లేకుండా కూర్చున్నారు.

తర్వాతది గడప. నాలుగంగుళాల ఎత్తున్న టేకు గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. దాన్ని కోయించమని అడిగే ధైర్యం నాకు లేదు, అడగకూడదు కూడా. వాలు ఎంత ఉండాలన్నదానికి మా లెక్క సులువు: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. నడి గదిలో లోపలి వైపు నాలుగడుగులు, వసారా వైపు నాలుగడుగులు చోటుంది. ఊళ్లో వడ్రంగితో రెండు చెక్క వాలుపలకలు చేయించాం. గడపను తాకకుండా రెండు వైపులా ఆనుకుని ఉంటాయి. పండగ రోజు తీసి పక్కన పెట్టి, గడపకు పసుపు రాసుకుని, మళ్లీ పెట్టుకుంటారు. ఆ ఇంటి ఇల్లాలికి ఇది నచ్చింది. తన గడప తనకు ఉంది, తన మనిషి బయటికి వస్తున్నాడు.

మరుగుదొడ్డి పెరట్లో ఉంది. రెండు మెట్లు, రెండడుగుల తలుపు, కింద పాన్. స్వచ్ఛ భారత్ కింద ఒక్కో ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చి కట్టించిన మరుగుదొడ్ల వల్ల ఎంత మేలు జరిగిందో నేను చూశాను. అయితే కూర్చుని లేవలేని మనిషి ఉన్న ఇంట్లో ఆ గది తాళం వేసినట్టే. తలుపు లోపలికి తెరుచుకుంటే మరో ప్రమాదం: లోపల మనిషి పడిపోతే ఒళ్లు తలుపుకు అడ్డం పడుతుంది, బయటివాళ్లు తెరవలేరు. బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయించాం. పాన్ మీద పెట్టుకునే ఇనుప చట్రం ఒకటి, ఆయన ఎడమ చేతికి అందేలా గోడకు ఒక జీఐ పైపు, మెట్ల స్థానంలో సిమెంటు వాలు. వెల్డింగు కొట్టు అబ్బాయి, తాపీమేస్త్రీ కలిసి ఒకటిన్నర రోజుల్లో పూర్తి చేశారు. మొత్తం ఖర్చు ఆ ఇంటికి వచ్చే ఒక్క నెల పింఛనులో సగం కూడా కాలేదు.

చదువుతున్నవారికి ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపించవచ్చు. మంచంలోనే అన్నీ అయ్యే మనిషి రోజు ఎలా గడుస్తుందో, ఆ మనిషిని శుభ్రం చేసే భార్యకో కూతురికో కోడలికో రోజు ఎలా గడుస్తుందో దగ్గరగా చూసినవారికి అవి చిన్నవి కావు.

అన్నింటికంటే కష్టమైంది అన్నం. కుడి చేయి పోయింది, ఎడమ చేయి బాగుంది. ఎడమ చేత్తో తినమని చెప్పడం ఎంత తేలికో, తినడం అంత కష్టం. "కడుక్కునే చేత్తోనే కంచంలో చేయి పెట్టమంటారా అమ్మా?" అని ఆయన నన్ను అడిగారు. అరవై ఏళ్లు మన ఇళ్లలో పెరిగిన మనిషికి ఆ ప్రశ్న ఎంత లోతైనదో నాకు తెలుసు. ఇంగ్లండులో నాకు నేర్పిన పుస్తకాల్లో దీనికి సమాధానం లేదు. ఆయన అప్పటిదాకా భార్య కలిపి పెడితేనే తినేవారు, అదీ ఎవరూ లేనప్పుడు. అల్లుడు ఇంటికి వస్తే ఆ పూట ఆకలి లేదనేవారు. మేము మొదట మరుగుదొడ్డిలో నీళ్ల పైపు పెట్టించాం, చేయి తగలకుండా శుభ్రం చేసుకునేలా. తర్వాత ఎడమ చేతికి చెంచా ఇచ్చాం. వేళ్లకు పట్టు చిక్కడానికి దాని కాడకు పాత సైకిలు ట్యూబు రబ్బరు చుట్టాం. జారిపోకుండా కంచం కింద తడిగుడ్డ వేశాం. అంచు ఎత్తుగా ఉన్న కంచం తెప్పించాం, అన్నం ఆ అంచుకు నెట్టుకుంటే చెంచాలోకి వస్తుంది. మూడు వారాలు పట్టింది. ఒక ఆదివారం అల్లుడి పక్కన కూర్చుని తిన్నారు. ఆ రోజు నేను అక్కడ లేను. ఆయన భార్య, నేను పిన్నిగారు అని పిలిచే ఆవిడ, ఫోను చేసి చెప్పారు. చాలాకాలం తర్వాత తను కూడా వేడి అన్నం తిన్నానని ఆ చివర మెల్లగా అన్నారు.

మొదటి రోజే ఆయనను నేనొక ప్రశ్న అడిగాను. ఎక్కడికి వెళ్లినా అదే అడుగుతాను: "బాబాయిగారూ, మీకు ఏం చేయాలని ఉంది?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పద్నాలుగు నెలల్లో ఎందరో వచ్చి ఆయన చేయి ఎత్తి చూశారు, బీపీ చూశారు, ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. ఈ మాట ఎవరూ అడిగినట్టు లేదు. చివరికి, "పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు చదువుకోవాలి" అన్నారు. అరుగు ఆ మంచానికి పద్దెనిమిది అడుగుల దూరంలో ఉంది.

ఇక పింఛను సంగతి. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద మీరు వృద్ధులకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతోనో ప్రమాదంతోనో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000 ఇస్తున్నారు. ఇది చాలా పెద్ద సాయం. నోటిమాటగా అనడం లేదు. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇద్దరి కూలి పోతుంది, పడ్డవారిదీ చూసుకునేవారిదీ. మందులు, డైపర్లు, ఆసుపత్రికి ఆటో కిరాయి, వీటికే ఎంత పోతుందో మీకు తెలుసు కాబట్టే ఆ మొత్తం నిర్ణయించి ఉంటారు. ఆ డబ్బు లేకపోతే నేను వెళ్లే ఇళ్లలో కొన్ని ఇప్పటికి అప్పుల్లో మునిగిపోయేవి.

కానీ 15,000కూ 6,000కూ మధ్య తేడా నెలకు 9,000. ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. మనిషి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెడితే ఇల్లు అంత పోగొట్టుకుంటుందని ఆ కుటుంబం అనుకుంటోంది. కర్రతో పది అడుగులు వేసినంత మాత్రాన ఆయన మళ్లీ కూలికి పోలేడు. ఆమె కూడా ఆయనను వదిలి నాట్లకు వెళ్లలేదు. మందులు ఆగవు. ఖర్చు అలాగే ఉంటుంది, సాయం మాత్రం తగ్గుతుంది. చక్రాల కుర్చీలో కూర్చుంటే ఆ పింఛను పోదని పిన్నిగారికి వివరించి చెప్పాను. ఆమె నమ్మలేదు. ఎవరో ఏదో ఊళ్లో కుర్చీలో కూర్చున్నందుకు ఎవరికో తీసేశారని విన్నారట. అది నిజమో కాదో నాకు తెలియదు. నిజం కాకపోయినా ఆ మాట మాత్రం ఊళ్లు తిరుగుతోంది, నేను ఎన్నో రోజులు కష్టపడి సాధించినదాన్ని ఒక్క పూటలో వెనక్కి లాగుతోంది.

2025 జనవరిలో వైద్య బృందాలు 15,000 పింఛను పొందుతున్నవారి ఇళ్లకు వెళ్లి పరీక్షించాయి. అర్హత లేనివారికి ప్రజల డబ్బు పోకుండా చూడటం మీ బాధ్యత, దాన్ని నేను తప్పుపట్టను. నన్ను బాధపెట్టేది వేరే విషయం. మంచాన పడ్డ మనిషి ముందు ఒక డాక్టరు నిలబడటం మన పల్లెల్లో ఎంత అరుదు! ఆయన అంత దూరం వచ్చి, ఇతను నిజంగా లేవలేడా అన్నది మాత్రమే తేల్చి వెళ్లవలసి వచ్చింది. లేవాలంటే ఏం కావాలి అన్న రెండో ప్రశ్న ఆయన చేతిలోని ఫారంలో ఉండి ఉంటే, ఆ ఒక్క నెలలో రాష్ట్రంలో మంచానికి పరిమితమైనవారందరి అవసరాలూ మీ బల్ల మీదికి వచ్చి ఉండేవి.

ఇంగ్లండులో నేను చేసిన పని గురించి కొంచెం చెప్తాను. అక్కడంతా స్వర్గమని చెప్పడానికి కాదు. అక్కడా మనుషులు తక్కువే, నెలల తరబడి వేచి ఉండే జాబితాలు నేనే చూశాను, డబ్బు కోతల గురించి ప్రతి సమావేశంలోనూ విన్నాను. కానీ 2014లో వచ్చిన కేర్ యాక్ట్ అనే సంరక్షణ చట్టం ఒక నియమం పెట్టింది: ఒక వ్యక్తికి సంరక్షణ అవసరం ఉందని కనిపిస్తే చాలు, ఆ అవసరం ఎంతో స్థానిక కౌన్సిల్ మదింపు చేయాల్సిందే, ఆ మనిషి ఆస్తిపాస్తులతో నిమిత్తం లేకుండా. ఆ మదింపుకు ఇంటికి వెళ్లేవాళ్లలో నేనొకదాన్ని. బాత్‌టబ్‌లోకి దిగలేని ముసలమ్మకు అడ్డంగా వేసుకునే పలక, మెట్లకు రెండో వైపు పట్టుకునే కడ్డీ, సోఫా కాళ్ల కింద దిమ్మలు, ఇలాంటి చిన్న మార్పులు వెయ్యి పౌండ్ల లోపు అయితే ఉచితం. ఇల్లు పెద్ద ఎత్తున మార్చాల్సి వస్తే వికలాంగుల కోసం ఒక ప్రత్యేక గ్రాంటు ఉంది, గరిష్ఠంగా 30,000 పౌండ్లు. ఆసుపత్రి నుంచి వచ్చినవారు తమ పనులు తాము చేసుకోవడం మళ్లీ నేర్చుకునేందుకు ఆరు వారాల దాకా ఉచిత సాయం ఉంటుంది. అక్కడ మా అధికారి నాకు మొదటి వారంలోనే ఒక పద్ధతి నేర్పారు: ఎవరికైనా రోజూ మనిషి సాయం మంజూరు చేసే ముందు, ఆ పని వాళ్లే చేసుకునే మార్గం ఉందేమో చూసి రా.

మనం అంత డబ్బు పెట్టలేం, నాకు తెలుసు. కానీ ఆ క్రమం మనకూ పనికొస్తుంది. అదీకాక ఇంత దూరం వెళ్లకుండానే పక్కన కేరళ ఉంది. 2008లోనే ఉపశమన సంరక్షణ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను మంచాన పడ్డవారి ఇళ్లకు పంపుతోంది. పంచాయతీ ఆ పని చేయగలదని అక్కడ రుజువైంది. మన గ్రామ, వార్డు సచివాలయాలకు 2019 నుంచి ప్రతి ఇంటి తలుపూ తెలుసు. మన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో పేరుతో సహా తెలుసు. నాకు చిరునామాలు చెప్పేది వాళ్లే. ఒక ఏఎన్ఎం తన సెలవు రోజున నాతో పాటు మూడు ఇళ్లు తిరిగి, చేయి పడిపోయినవారికి చొక్కా ఎలా తొడగాలో నేర్చుకున్నారు: తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు ఆ చేయి ఆఖరున. తర్వాతి వారం ఆమె దాన్ని ఇంకో నాలుగు ఇళ్లలో నేర్పారు. పడిపోయిన చేతిని పట్టుకుని పైకి లాగకూడదని, లాగితే భుజం కీలు జారి చాలాకాలం నొప్పి మిగలవచ్చని ఆమె చెప్పేదాకా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. నేను వెళ్లేసరికే భుజాలు జారిపోయినవారు నా పుస్తకంలో చాలామంది ఉన్నారు.

కేంద్ర ప్రభుత్వం ఏడీఐపీ పథకం కింద దివ్యాంగులకు, 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టిన వయోశ్రీ పథకం కింద వృద్ధులకు చక్రాల కుర్చీలు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు ఇస్తోంది. మంచి పథకాలు. నేను వెళ్లిన ఎన్నో ఇళ్లలో ఆ కుర్చీ వసారాలో మూలన ఉంటుంది, దాని మీద బట్టలు ఆరేసి ఉంటాయి. కుర్చీ వెడల్పు తలుపుకంటే ఎక్కువ, లేదా ఇంటి ముందు మూడు మెట్లు ఉన్నాయి, లేదా మనిషిని మంచం మీది నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో ఎవరూ చూపించలేదు. శిబిరంలో మనిషి కొలతలు తీసుకున్నారు, ఇంటి కొలతలు ఎవరూ తీసుకోలేదు. ఆ కుర్చీ కోసం పెట్టిన డబ్బు ఫలించాలంటే ఒక్కసారి ఇంటికి వెళ్లిరావాలి.

పిల్లల గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) లాంటి ఇబ్బందులున్న పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటి కష్టసుఖాలు వేరే ఉత్తరానికి సరిపోతాయి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మూడేళ్ల పాపను రోజంతా ఒళ్లో పెట్టుకునే ఒక తల్లికి, గోడ మూలకు ఆనించే చెక్క కుర్చీ చేయించి ఇచ్చాం. పాప అందులో నిటారుగా కూర్చుని రెండు చేతులతో గిలక్కాయ పట్టుకుంది. తల్లి రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఏం చేయాలో తోచక ఆమె కాసేపు అలాగే నిలబడిపోయింది.

చట్టం మీ వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 'అధిక మద్దతు' అనే మాటకు అర్థం చెబుతూ రోజువారీ పనులను స్పష్టంగా పేర్కొంది. అలాంటి మద్దతు కావాల్సినవారు దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఒక మదింపు బోర్డు వారి అవసరం ఎంత, ఏ రకమైనది అని తేల్చాలని, దాని ప్రకారం ప్రభుత్వం సాయం అందించాలని 38వ సెక్షను చెబుతోంది. నేను కలిసిన కుటుంబాల్లో ఈ సెక్షను గురించి విన్నవారు ఒక్కరు కూడా లేరు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం మా వృత్తిని గుర్తించింది. 2011 జనాభా లెక్కల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యం ఉన్నవారు 22 లక్షలకు పైగా తేలారు. ఇప్పుడు ఆయుష్షు పెరిగింది, పక్షవాతం తర్వాత బతికి బయటపడేవారు పెరిగారు. తెలంగాణలోనూ దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు ఇంటికి చేరుతోంది, అక్కడి పల్లెల్లో పనిచేసే నా స్నేహితురాలూ ఇదే కథ చెబుతుంది. అక్కడి పెద్దలు కూడా ఈ ఉత్తరం చదివితే సంతోషిస్తాను.

ఇప్పుడు నా విన్నపాలు.

మొదటిది డబ్బు ఖర్చు లేనిది, అన్నింటికంటే ముఖ్యమైనది. 15,000 పింఛను తీసుకునే మనిషి పునరావాసంతో మెరుగుపడితే, కనీసం రెండేళ్ల పాటు ఆ పింఛను తగ్గించబోమని రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా 6,000కు దించకుండా, మనిషికి ఇంకా ఎంత సాయం కావాలో చూసి మెట్లు మెట్లుగా తగ్గించండి. పింఛను లెక్క 'లేవగలడా లేదా' అన్న ఒక్క గీత దగ్గర ఆగినంతకాలం ఆ గీత దాటడానికి పేద ఇల్లు భయపడుతుంది. మంచం మీదే ఉండిపోతే పుండ్లు పడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. అవి ముదిరాక మీరే ఆసుపత్రి ఖర్చు భరించాల్సి వస్తుంది. కానీ ఖర్చు మాట పక్కన పెట్టండి. ఒక మనిషి తన ఇంట్లో తను లేచి నిలబడటానికి భయపడుతున్నాడు, ఆ భయం ఇచ్చే చేతి వల్ల పుట్టింది, అది మీ ఉద్దేశం కాదని నాకు తెలుసు కాబట్టే మీకు రాస్తున్నాను.

రెండోది, మనుషుల్ని నియమించడం. రాష్ట్రంలో 175 అసెంబ్లీ నియోజకవర్గాలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును, ఆసుపత్రి గదిలో కాకుండా ఇళ్లకు తిరిగే ఉద్యోగంలో పెట్టండి. 175 మంది సరిపోతారని నేను అనను. కానీ పింఛను జాబితా మీ దగ్గర ఉంది, ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో వెతుక్కునే పని లేదు. అంతమంది ఒకేసారి దొరకరంటే ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. ఇక్కడ చదువుకున్న మా పిల్లలు ఎందరో నగరాల్లోని ప్రైవేటు పిల్లల కేంద్రాలకో, నేను వెళ్లినట్టు విదేశాలకో వెళ్తున్నారు. పల్లెలో మాకు ఉద్యోగం అనేది లేదు కాబట్టి వెళ్తున్నారు. ఉంటే అందరూ ఉండిపోతారని హామీ ఇవ్వలేను, నాలాంటి కొందరు తప్పకుండా ఉంటారు.

వాళ్ల చేతిలో కొంచెం డబ్బు కూడా పెట్టండి. ఒక్కో ఇంటికి ఇంత అని చిన్న మొత్తం, టెండరు లేకుండా ఊరి వడ్రంగికి, వెల్డరుకు, మేస్త్రీకి అక్కడికక్కడే ఇవ్వగలిగేలా. లెక్క, ఫొటో, రసీదు అన్నీ ఇస్తాం. మరుగుదొడ్డి దగ్గర ఒక పైపు కోసం ఫైలు ఆరు నెలలు తిరిగితే ఆలోగా ఆ మనిషి తొడ ఎముక విరుగుతుంది.

ఇంకొకటి, ఆసుపత్రుల నుంచి ఇంటికి పంపే రోజున. పక్షవాతం, వెన్నుపూస గాయం, తుంటి విరగడం, వీటితో వచ్చిన ఎవరినైనా ఇంటికి పంపే ముందు మంచం ఎత్తు, మెట్లు, మరుగుదొడ్డి, చూసుకునేది ఎవరు అన్న నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు ఆ ఊరి ఏఎన్ఎంకు పంపమనండి. పక్షవాతం తర్వాత మొదటి కొద్ది నెలల్లోనే ఎక్కువ మెరుగుదల వస్తుంది. నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్లేసరికి పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. మూడో నెలలో వెళ్లి ఉంటే ఆయన కుడి చేయి ఈ రోజు ఇంకొంచెం మెరుగ్గా ఉండేదేమో, ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

చూసుకునే ఆడవాళ్లను గురించి ఏ ఫారంలోనూ గడి లేదు. పిన్నిగారి నడుము ఇప్పటికే పోయింది. ఆయనను ఒక్కతే ఎత్తి ఎత్తి పోయింది. దుప్పటి మడతపెట్టి మనిషిని ఎలా జరపాలో, ఎత్తకుండా ఎలా తిప్పాలో నేను చూపించినప్పుడు, "ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే" అన్నారు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడానికి ఆమె పద్నాలుగు నెలలుగా రాత్రిళ్లు సరిగా నిద్రపోలేదు. మదింపుకు వెళ్లే ప్రతి మనిషీ ఆమెను కూడా ఒక్క ప్రశ్న అడగాలి.

ఆ పెద్దాయన ఇప్పుడు గోడ పట్టుకుని, నాలుగు కాళ్ల చేతికర్రతో వసారా దాకా వస్తున్నారు. అరుగు మీద కుర్చీ వేసి ఉంది. పేపరు మడతలు ఒంటి చేత్తో విప్పడం నేర్చుకున్నారు, గాలికి ఎగరకుండా పైన ఒక రాయి పెట్టుకుంటారు. కానీ తెల్లవారకముందే వస్తున్నారు, వీధిలో జనం తిరగడం మొదలయ్యేసరికి లోపలికి వెళ్లిపోతున్నారు. ఆ వేళకు పేపరు రాదు, నిన్నటి పేపరే చదువుతున్నారు.

ఆయన పగటి పూట అక్కడ కూర్చోవచ్చని, ఆ ఇంటికి వచ్చేది తగ్గదని ఒక్క కాగితం ఇవ్వండి. మీరు ఇచ్చిన రోజు దాన్ని నేనే తీసుకెళ్తాను. ఎడమ చేత్తో అందుకోవడానికి ఆయన మొహమాటపడతారు. ఫరవాలేదు బాబాయిగారూ, ఆ చేత్తోనే తీసుకోండి అని చెబుతాను.

ఇట్లు,
పల్లెల్లో తిరిగే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు